రోబో సాకర్ కొత్త రూల్స్: ఆదివారం మీటింగులో ఏం అడుగుదాం?

గోదారిగట్టు:
మన పిల్లలు తయారుచేసే బుల్లి రోబోలు, అదే మన బోట్లు, ఆడే ఫుట్‌బాల్ పోటీకి కొత్త రూల్స్ డ్రాఫ్ట్ అందరూ చూసే ఉంటారు. రిమోట్ లేదు, అంతా అటానమసే, అంటే బోటు తనంతట తనే ఆడాలి. బరువు 1100 గ్రాములు, బ్యాటరీ 12 వోల్టులు దాటకూడదు, ఐఆర్ బంతి (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ఇచ్చేది) పోయి నారింజ రంగు గోల్ఫ్ బంతి, గ్రౌండ్ అంచున తెల్లగీత దాటిన బోటు ఒక నిమిషం బయట. ఆదివారం రావులపాలెంలో మీటింగు, ఈలోపు మనమంతా ఒక మాట మీదకి రావాలి. ముఖ్యంగా గీత రూలు గురించి చెప్పండి, మా పిల్లలు దాంతోనే నలిగిపోతున్నారు.

అంబాజీపేట బోట్స్:
గీత సంగతి తర్వాతండి, ముందు 12 వోల్టుల సంగతి తేల్చండి. పోయినసారి మమ్మల్ని సెమీస్ ముందు ఆపేశారు. మాది త్రీఎస్ లైపో, అంటే మూడు సెల్లుల లిథియం బ్యాటరీ, మీద 11.1 అని రాసే ఉంది, జడ్జి గారు మల్టీమీటర్ పెడితే 12.58 చూపించింది, బయటికెళ్ళండి అన్నారు. ఛార్జి దించుదామని మావాడు బోటుని చేత్తో ఎత్తి పట్టుకుని చక్రాలు గాల్లో తిప్పుతా నిలబడ్డాడు, పావుగంట తిప్పినా 12.3 దగ్గరే ఉంది, ఈలోపు మా పేరు కొట్టేశారు. తొమ్మిదో క్లాసు పిల్లోడండి, ఆ రోజు అన్నం ముట్టలేదు.

తణుకు 77:
బాధ అర్థమైంది కానీ 12 అని రాశాక 12 కదండి. మా పిల్లలు రెండు సెల్లుల టూఎస్ వేసుకుని వచ్చారు, నిండా ఛార్జి ఎక్కినా 8.4 దాటదు. దాంతోనే గెలిచారు.

మోటార్ చుట్టుపని:
అలా తీసిపారేయకండి తణుకు గారూ. నేను ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు చుడతాను, 18 ఏళ్ళుగా ఇదే పని, వోల్టేజీ గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ బ్యాటరీ మీద 12 అనే ఉంటది, ఫుల్లు ఛార్జి పెట్టి మీటరుతో చూడండి, 12.6, 12.7 చూపిస్తది. మరి అది 12 వోల్టుల బ్యాటరీ కాదా? లైపో సెల్లు పేరుకి 3.7, నిండా ఎక్కితే 4.2, మూడు కలిస్తే 12.6. పేరు చూడాలా మీటరు చూడాలా అన్నది రూల్లో రాయకపోతే ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో న్యాయం అవుద్ది.

తణుకు 77:
ట్రాక్టరుకీ బోటుకీ పోలికేంటండి? వోల్టేజీ పెరిగితే స్పీడు పెరుగుద్ది, స్పీడు పెరిగితే గుద్దుడు. మా బోటు ముందు ప్లేటు పగలగొట్టింది త్రీఎస్ బోటే.

సైన్సు మాస్టారు:
టూఎస్ చాలనడం తేలిక. బ్యాటరీ కరెంటుని మోటార్లకి అందించే డ్రైవర్ బోర్డుల్లో పిల్లలు ఎక్కువమంది వాడేది ఎల్298, సుమారు రెండు వోల్టులు అదే మింగేస్తది, కాసేపు ఆడాక దాని హీట్‌సింక్ మీద వేలు పెడితే చుర్రుమంటది చూడండి. 7.4 లో రెండు పోతే మోటారుకి అందేది అయిదు చిల్లర. ఖరీదెక్కువైన మాస్‌ఫెట్ రకం డ్రైవర్ వాడేవాళ్ళకి ఆ నష్టం దాదాపు లేదు. అంచేత ఈ రూలు దెబ్బ తగిలేది ఖర్చు పెట్టుకోలేని వాళ్ళకే. గుద్దుడు భయమైతే గుద్దుడికి ఫౌల్ పెట్టండి. బ్యాటరీకి మాత్రం ‘మూడు లైపో సెల్లుల వరకు’ అని రాయించండి, అప్పుడు మీటరుతో పనే లేదు. తెల్ల బ్యాలెన్స్ ప్లగ్గులో నాలుగు తీగలుంటే మూడు సెల్లులు, ఎవరైనా లెక్కపెట్టేస్తారు.

తణుకు 77:
అంటే మేమేదో డబ్బున్నోళ్ళమనా మాస్టారూ? మా అమ్మాయి సంక్రాంతి బట్టలు మానేసి ఆ డబ్బుతో మాస్‌ఫెట్ డ్రైవర్ కొనుక్కుంది. తెలియకుండా ముద్ర వెయ్యొద్దు.

సైన్సు మాస్టారు:
పొరపాటు నాదేనమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

పాలకొల్లు సాల్డరింగ్:
వోల్టుల మీద కొట్టుకుంటున్నారు, రెడీమేడ్ బోట్ల గురించి ఎవరూ మాట్లాడరేం? పోయినసారి ఒక టీము కుర్రాణ్ణి తమ్ముడూ ఈ వైరు ఎక్కడికెళ్తందిరా అంటే మా సారుని అడగండన్నాడు. కోడ్ ఎవరు రాశారంటే అదే మాట. మరోపక్క పిల్లలు సొంతంగా చేసి నేర్చుకోడానికి కేంద్రం పెట్టించిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బళ్ళకి 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చారు, మా దగ్గర ఒక బళ్ళో ఆ గదికి ఏడాదంతా తాళమే. ఆటకి ముందు పిల్లోణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలు ప్రశ్నలడగాలి, చెప్పలేకపోతే పాయింట్లు కొయ్యాలి. నా డిమాండు ఇదొక్కటే.

నరసాపురం టీమ్:
బంతి గురించి నేను చెప్తానండి. పోటీ కల్యాణమండపంలో పెట్టారు, సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీల్లోంచి ఎండ సగం గ్రౌండ్ మీద పడింది. ఆ ఎండలో మా బోటుకి ఐఆర్ బంతి కనపడటం మానేసింది, నీడలోకి రాగానే మళ్ళీ పట్టుకుంది. సరే గోల్ఫ్ బంతి మంచిదేమో అని కెమెరా పెట్టి అదే హాల్లో ప్రాక్టీసు చేశాం. ముందురోజు పెళ్ళి జరిగిందంట, స్టేజీకి కట్టిన బంతిపూల దండలు తియ్యలేదు. బోటు నేరుగా దండ వైపు వెళ్ళి గోడకి ఆనుకుని చక్రాలు తిప్పుతానే ఉంది. ఏ బంతి అయినా పెట్టండి, ముందు హాలు సంగతి రూల్లో రాయండి. కిటికీలకి గుడ్డలు కట్టాలి, గ్రౌండ్ చుట్టూ నారింజ రంగుది ఏదీ ఉండకూడదు.

అంబాజీపేట బోట్స్:
నిజం అక్కా. మాకైతే పీచు గొడవ. మా వీధంతా కొబ్బరి వలిచే పనే, పక్కకి కూడా జరగనిచ్చే ఆమ్నీ చక్రం చుట్టూ ఉండే బుల్లి రోలర్లలో పీచు చుట్టుకుంటే రోలరు తిరగదు, బోటు పక్కకి వెళ్ళమంటే ఈడ్చుకుంటా వెళ్తది. ట్వీజర్‌తో ఒక్కో పోగూ లాగాలి.

రాజోలు రిమోట్:
అసలు రిమోట్ ఎందుకు తీసేస్తున్నారు? జనం వచ్చేది రిమోట్ ఆట చూడ్డానికే. అటానమస్ బోట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటా నిలబడిపోతే ఎవడు చూస్తాడు?

సైన్సు మాస్టారు:
రోబోల ఫుట్‌బాల్ ప్రపంచ పోటీ రోబోకప్ 1997లో జపాన్‌లోని నగోయాలో మొదలైందే బోట్లు వాటంతట అవి ఆడాలని. 2050 నాటికి మనుషుల ప్రపంచకప్ విజేతల్ని ఓడించే రోబో టీము తయారుచేస్తామని పెట్టుకున్న లక్ష్యం అది. రిమోట్ పట్టుకుంటే పిల్లోడు డ్రైవింగ్ నేర్చుకుంటాడు, ప్రోగ్రామింగ్ నేర్చుకోడు.

రాజోలు రిమోట్:
ఆరో క్లాసు పిల్లలకి ఈ మాట చెప్పండి మాస్టారూ. మొదటి ఏడాదే కోడ్ రాయమంటే పారిపోతారు. చిన్నవాళ్ళకి రిమోట్ వేరే గ్రూపుగా ఉంచాలి, నేను మాత్రం దీని మీద తగ్గను.

గోదారిగట్టు:
గీత గురించి ఒక్కరన్నా చెప్తారా? షామియానా షాపు కార్పెట్ పరిచి తెల్ల టేపు అంటిస్తున్నారు, రెండు మ్యాచ్‌లకే టేపు అంచు లేచిపోయి దాని మీద మట్టి పేరుకుని సెన్సరుకి గీతలా కనపడట్లేదు. మా బోటు ఒకే హాఫ్‌లో మూడుసార్లు బయటికెళ్ళింది, అంటే మూడు నిమిషాలు మా రెండో బోటు ఒక్కదానితోనే ఆడాం. కార్పెట్ వాళ్ళది, నిమిషం మాకు.

నరసాపురం టీమ్:
మాకూ అంతే అన్నా. మొదటి పంటుకి గోదారి దాటి పొద్దున్నే వెళ్ళినా గ్రౌండ్ మీద క్యాలిబ్రేషన్‌కి, అంటే సెన్సర్లని ఆ గ్రౌండ్‌కి సరిచేసుకోడానికి, అయిదు నిమిషాలే ఇచ్చారు. కనీసం అరగంట అడగండి. ప్రతి హాఫ్ ముందు గీతలు తుడవాలని కూడా.

మోటార్ చుట్టుపని:
అది రాయించేద్దాం. ఆదివారం నేను ట్రాక్టర్ బ్యాటరీ, మీటరు రెండూ తెస్తాను. తణుకు గారూ, మీరూ రండి, మీ చేత్తోనే కొలవండి.

తణుకు 77:
వస్తానండి. సెల్లుల లెక్కకి ఒప్పుకుంటాను, కానీ ఆ కాగితం మీదే గుద్దుడికి ఫౌల్ కూడా రాయాలి. లేకపోతే సంతకం పెట్టను.