90 రోజుల నోటీసు: బయౌట్ లెక్క బేసిక్ మీదా, గ్రాస్ మీదా?

హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ పద్ధతులు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇప్పటి కంపెనీ ఆఫర్ లెటర్‌లో రాజీనామా నోటీసు 90 రోజులు. కొత్త కంపెనీ 45 రోజుల్లో చేరమంటోంది. మిగతా 45 రోజులకు "జీతం" కట్టి వెళ్లొచ్చని (అదే బయౌట్) ఉంది, ఏ జీతమో లేదు. నెలకు గ్రాస్ (అలవెన్సులతో కలిపి మొత్తం జీతం) 80,000, అందులో బేసిక్ (మూల వేతనం) 40,000. అంటే కట్టాల్సింది 1,20,000 కావచ్చు, 60,000 కావచ్చు. కొత్తవాళ్లు తిరిగిచ్చినా ఆ సొమ్మును జీతంలో కలిపి పన్ను పట్టుకుంటారు కదా?

మిగిలిన ఎర్న్‌డ్ లీవులు (పనిచేసి కూడబెట్టుకున్న సెలవులు) నోటీసు రోజుల్లో సర్దమని అడగొచ్చా? పీఎఫ్‌లో పాత కంపెనీ వేసే ఎగ్జిట్ తేదీ కొత్త చేరిక తేదీ దాటితే రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. అసలు భయం అదే. రిలీవింగ్ తేదీని (పాత కంపెనీ నన్ను వదిలే రోజు) ముందే మెయిల్‌లో రాయించుకోవాలంటే ఎలా అడగాలి? ఉన్నచోట ఓపిక పడితేనే ఎదుగుదల అని సీనియర్లు, మారితేనే జీతం పెరుగుతుందని తోటివాళ్లు అంటున్నారు. నాలుగేళ్లు దాటాయి, ఐదేళ్లు నిండితే కంపెనీ వెళ్లేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము కోసం ఆగడం లాభమేనా?