అక్కకు టెక్సాస్ నుంచి విడాకుల కాగితాలు ఈమెయిల్‌లో వచ్చాయి. ఇక్కడ చెల్లుతాయా?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తమ్ముడు

అందరికీ నమస్తే. మా అక్క లగ్గం 2018లో హనుమకొండలోనే అయింది. బావ టెక్సాస్‌లో హెచ్1బి మీద ఉద్యోగం చేస్తాడు. అక్క హెచ్4 (భార్యకు ఇచ్చే వీసా) మీద వెళ్లింది. పాప అక్కడే పుట్టింది, ఇప్పుడు నాలుగేళ్లు. అయిదు నెలల కింద నాన్నకు బాగోలేకపోతే, "పోయి చూసి రా" అని బావే ఇద్దరికీ టికెట్లు తీసి పంపాడు. పోయిన శుక్రవారం ఈమెయిల్‌లో విడాకుల పిటిషన్ వచ్చింది. నిన్న కొరియర్‌లో మళ్లీ అవే కాగితాలు. కారణం దగ్గర ఇక కలిసి బతకలేమన్న అర్థం వచ్చే ఒక్క వాక్యమే ఉంది.

మా పెద్దనాన్న తనకు తెలిసిన వకీలును అడిగితే "అమెరికా డిక్రీ (కోర్టు ఇచ్చే తీర్పు పత్రం) ఇక్కడ చెల్లదు, పట్టించుకోకండి" అన్నాడట. అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. అక్క మాత్రం ఒకటే మాట మీద ఉంది: "నేను తిరిగి పోను. కానీ నా బంగారం రావాలి, పాప ఖర్చు తేలాలి, పాప నా దగ్గరే ఉండాలి." ఏం చేయాలో చెప్పండి.

జవాబు: హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది

తమ్ముడూ, ముందు అమ్మతో నాలుగు ముద్దలు తినిపించండి. కాగితం వచ్చినంత మాత్రాన విడాకులు అయిపోలేదు. టెక్సాస్‌లో పిటిషన్ వేశాక మామూలుగా 60 రోజులు గడవనిదే విడాకులు ఇవ్వరు. కానీ జవాబు ఇచ్చే గడువు అంతకంటే చిన్నది. నోటీసు అందాక 20 రోజులు పూర్తయి, ఆ తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటల వరకే.

పట్టించుకోకండి అన్న సలహాలో సగమే నిజం ఉంది. ఆ సగం 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు తీర్పు నుంచి వచ్చింది. వాళ్లూ మన తెలుగువాళ్లే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, మన యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీని ఇక్కడ గుర్తించలేమని సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలి. భార్య తన ఇష్టంతో ఆ కోర్టుకు లోబడి పోరాడి ఉండాలి, లేదా విడాకులకు ఒప్పుకుని ఉండాలి, లేదా ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ ఉండాలి. బంధం కోలుకోలేనంతగా తెగిపోయిందన్నది మన 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణం కాదు. మీ అక్క కాగితాల్లో ఉన్నది అలాంటిదే. కాబట్టి ఆమె ఒప్పుకోకుండా ఆ కారణం మీద వచ్చే డిక్రీని ఇక్కడ గట్టిగా ఎదిరించవచ్చు.

ఇక ఆ వకీలు చెప్పని సగం. డిక్రీ ఇక్కడ చెల్లకపోయినా అక్కడ చెల్లుతుంది. భార్యాభర్తలు చివరిసారి కాపురం చేసింది టెక్సాస్‌లో అయి, విడిపోయిన రెండేళ్ల లోపే కేసు వేస్తే, భార్య వేరే చోట ఉన్నా ఆమె మీద తమకు అధికారం ఉందని అక్కడి చట్టమే అంటుంది. పెళ్లయ్యాక ఇద్దరి సంపాదనతో కూడినదంతా ఉమ్మడి ఆస్తి అన్నది టెక్సాస్ లెక్క. ఇల్లు, బ్యాంకు పొదుపు, ఉద్యోగంలో కూడిన రిటైర్మెంట్ డబ్బు, అన్నీ అందులోకి వస్తాయి. అక్క మాట్లాడకపోతే ఆయన రాసిచ్చిందే జడ్జి ముందు ఉంటుంది. ఆ ఆస్తి ఉన్నది అక్కడే కాబట్టి, హనుమకొండ కోర్టు తీర్పు చేతిలో ఉన్నా దాన్ని రాబట్టడం చాలా కష్టం.

ఈమెయిల్, కొరియర్ సంగతి కూడా వినండి. కోర్టు కాగితాలు దేశం దాటించే హేగ్ ఒప్పందంలో మన దేశం 2007 నుంచి ఉంది. పోస్టు ద్వారా నేరుగా పంపడాన్ని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. కేంద్ర న్యాయశాఖ ద్వారానే రావాలి. అందుకని నోటీసు సరిగ్గా అందలేదని అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఆ ధైర్యంతో గడువు వదిలేయకండి. ఈమెయిల్ అందిన రోజు నుంచే రోజులు లెక్కపెట్టండి.

ఈ వారమే టెక్సాస్‌లో ఫ్యామిలీ కేసులు చేసే అటార్నీని మాట్లాడండి. ఏ కాగితం దాఖలు చేసే ముందైనా అతనికి ఒక మాట స్పష్టంగా చెప్పండి: నోటీసు మీద, అధికారం మీద ఏ అభ్యంతరం ఉన్నా మొట్టమొదటి కాగితంలోనే రావాలి. మామూలు జవాబు ముందు వేసి, అభ్యంతరం తర్వాత చెప్తామంటే కుదరదు. విడాకుల కారణాల మీద అక్క వాదన మొదలుపెడితే, ఆ కోర్టుకు తనే ఇష్టపడి లోబడిందని రేపు ఇక్కడ ఎదుటి పక్షం అంటుంది. పాప గురించి, ఆస్తి గురించి గట్టిగా కొట్లాడుతూనే, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద విడాకులకు ఒప్పుకోవడం లేదని రాతలో పెట్టించండి.

జవాబు: కరీంనగర్ నుంచి ఒక అక్క

తమ్ముడూ, నేను ఆ "పట్టించుకోకు" సలహా విన్నదాన్ని. నాకు న్యూజెర్సీ నుంచి వచ్చింది. కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాం, అవి కనబడకపోతే లేనట్టే అనుకున్నాం. ఏడు నెలలకు డిక్రీ వచ్చింది. ఆయన అక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అక్కడ నేను ఆయనకు ఏమీ కాను, ఇక్కడ చట్టం ప్రకారం భార్యనే. మా వాళ్లు నాకు సంబంధం చూసినప్పుడు, అవతలివాళ్లు అడిగిన మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. చివరికి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో నేనే విడాకులకు వేసుకున్నాను. మూడేళ్లు పట్టింది. డబ్బు పోయినదాని కన్నా, ఆ మూడేళ్లు ఏ ఫారంలో ఏం రాయాలో తెలియక పడ్డ బాధ ఎక్కువ. మీ అక్కను అలా వదలకండి.

తమ్ముడు

అక్కా, మీ మాటలు మా అక్కకు చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది, తర్వాత తనే అటార్నీల నంబర్లు వెతకడం మొదలుపెట్టింది. మేడమ్, పాప సంగతి చెప్పండి. పాపను ఎత్తుకొచ్చారని కేసు పెడతానని బావ మెసేజ్ పెట్టాడు.

న్యాయవాది

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన విషయం. టెక్సాస్ చట్టంలో, పాప బయలుదేరే ముందు వరుసగా ఆరు నెలలు ఉన్న రాష్ట్రమే పాపకు సొంత రాష్ట్రం. పాప వెళ్లిన ఆరు నెలల లోపు, అక్కడే ఉన్న తండ్రి కేసు వేస్తే కస్టడీ తేల్చే అధికారం ఆ రాష్ట్రానిదే. ఆయన అయిదో నెలలో వేయడం అనుకోకుండా జరిగిందని నేను అనుకోను.

పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. అందుకే అక్కడి ఆర్డర్ రాగానే పాపను అప్పగించాల్సిన పని ఇక్కడ లేదు. విదేశీ కోర్టు ఆర్డర్‌ను ఒక అంశంగా మాత్రమే చూడాలి, పాప క్షేమమే ముందు అని 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కన్న బిడ్డనైనా రెండో వాళ్ల హక్కు దెబ్బతీసేలా దేశం దాటించడం అమెరికాలో ఫెడరల్ నేరం. కాబట్టి ఆయనే పంపాడన్న రుజువు మీకు ప్రాణం లాంటిది. టికెట్లు కొన్న రసీదు, "పోయి చూసి రా" అన్న మెసేజ్‌లు, ఎయిర్‌పోర్టులో దింపిన ఫొటోలు, ఒక్కటి కూడా పోనివ్వకండి. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టులో చాలదు, దానితో పాటు అది ఆ ఫోన్‌లోదేనని చెప్పే సర్టిఫికెట్ ఇవ్వాలి. అలాగే పాపతో వారానికి రెండు మూడుసార్లు తండ్రిని వీడియోలో మాట్లాడించండి. కోపం ఉన్నా సరే. పాపను దూరం చేశారన్న మాట రాకూడదు.

ఇక్కడ చేయాల్సినవి: 2003 సవరణ తర్వాత భార్య తను ఉంటున్న ఊళ్లోనే హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ వేయవచ్చు. మీ లగ్గమూ ఇక్కడే అయింది, కాబట్టి అధికారం గురించి టెన్షన్ లేదు. మధ్యంతర భరణం (కేసు నడిచినన్నాళ్లు ఇచ్చే ఖర్చు) ఆ చట్టం 24వ సెక్షన్ కింద అడగాలి. పాప సంరక్షణకు గార్డియన్ పిటిషన్ విడిగా వేయాలి. వేధింపులు జరిగి ఉంటే, బంగారం తిరిగి ఇప్పించమనడానికి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఆ బంగారం అత్తగారింట్లో ఉందా, అక్కడి లాకర్‌లో ఉందా అన్నది అక్కను అడిగి, ఎన్ని తులాలు, ఎవరు పెట్టారు అని జాబితా రాయించండి. లగ్గం ఆల్బమ్‌లో మెడలో ఉన్నవి కనబడతాయి, అదే సాక్ష్యం.

భార్యను హింసించారన్న క్రిమినల్ కేసు (పాత 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) గురించి నా అభిప్రాయం: నిజంగా హింస జరిగి ఉంటే ఆలోచించకండి, పెట్టండి. కేవలం ఒత్తిడి కోసం మాత్రం వద్దు. రాజీకి ఉన్న తలుపు మూసుకుపోతుంది.

అక్కకు కూడా విడాకులే కావాలంటే అన్నిటికన్నా శుభ్రమైన దారి పరస్పర అంగీకారం. ఇక్కడ హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. లేదా బంగారం, పాప ఖర్చు, ఆస్తి వాటా అన్నీ రాతలో తేలాక టెక్సాస్‌లోనే ఒప్పుకోవచ్చు. భార్య ఒప్పుకున్న డిక్రీని ఇక్కడా గుర్తిస్తారు. సర్టిఫైడ్ కాపీకి అపోస్టిల్ (కాగితం అసలైనదేనని వేరే దేశానికి చెప్పే ప్రభుత్వ ముద్ర) వేయించుకుని దాచుకోండి, జిరాక్సు పనికిరాదు.

జగిత్యాల నుంచి ఒకరు

మేడమ్, మా చెల్లె భర్త దుబాయ్‌లో విడాకులు తీసుకున్నాడు. అక్కడి కోర్టుకు ఇక్కడ విలువ ఉందంటున్నారు, నిజమేనా?

న్యాయవాది

2020 నుంచి యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) కోర్టులు డబ్బు కట్టమని ఇచ్చిన డిక్రీలను ఇక్కడ అమలు చేయించుకోవచ్చు. ఆ మాటనే విడాకులకు కూడా అంటగట్టి చెప్తున్నారు. ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన అక్కడి చట్టంలో ఒక్కరు అడిగినా, తప్పు చూపకుండానే విడాకులు వస్తాయి. పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగి, చెల్లె ఒప్పుకోకపోతే, నేను పైన చెప్పిన 1991 తీర్పు పరీక్ష దీనికీ వర్తిస్తుంది. ఆయన రెండో లగ్గానికి తయారైతే వెంటనే వకీలును కలవండి.

ఫీజు భయం ఉన్నవాళ్లకు ఒక మాట. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ 15100. జాతీయ మహిళా కమిషన్‌లోనూ, మన రాష్ట్ర పోలీసు మహిళా భద్రతా విభాగంలోనూ ఎన్నారై కేసులకు సెల్ ఉంది.

తమ్ముడు

మేడమ్, టెక్సాస్ అటార్నీ దొరికాడు, రేపు రాత్రి తొమ్మిదికి మాట్లాడతామన్నాడు. ఎల్లుండి పొద్దున అక్కను తీసుకుని అదాలత్ దగ్గరికి వస్తాం. లగ్నపత్రిక, ఆల్బమ్, కొరియర్ కవరు కూడా తెస్తున్నాం. అమ్మ ఇవాళ అన్నం తిన్నది.

న్యాయవాది

పదకొండు లోపు రండి, ఆ తర్వాత నేను కోర్టు హాల్లో ఉంటాను. పాపను కూడా తీసుకుని రండి, కాకపోతే ఈ మాటలు తన ముందు మాట్లాడం.