అప్‌డేట్: రెండో గ్రాఫిక్స్ కార్డు కొనలేదు

పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 పక్కన ఇంకో 3060 పెట్టాలా అని అడిగాను కదా, పెట్టలేదండీ. నేను ఎడిటింగ్‌కి వాడే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ విండోస్‌లో ఒక్క కార్డునే వాడుకుంటుంది, రెండోది పనిచేయాలంటే డబ్బు పెట్టి స్టూడియో వెర్షన్ కొనాలి. రెండు కార్డుల మెమరీ, 12 జీబీకి 12 జీబీ కలిసి 24 కూడా అవ్వదు. గవర్నర్‌పేటలో షాపతను కేబినెట్ విప్పి చూపించాడు, కింది స్లాట్‌లో ఇంకోటి పెడితే రెండు కార్డుల మధ్య వేలు దూరే సందు కూడా లేదు, ఒక్కోటి 170 వాట్ల కార్డు, బెజవాడ మే ఎండల్లో పైదానికి గాలెలా ఆడుతుంది చెప్పండి! టాస్క్ మేనేజర్‌లో చూస్తే కార్డు ఖాళీగానే ఉంది, నిండిపోతున్నది 16 జీబీ ర్యామ్. దాన్ని 32 చేయించాను, టైమ్‌లైన్ హాయిగా నడుస్తోంది. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, దాని సైకిల్స్ ఇంజిన్‌తో రెండరింగ్ చేసేవాళ్లకైతే రెండో కార్డు నిజంగా పనికొస్తుంది, వాళ్లు నన్ను చూసి ఆగొద్దు.