‘మీ బలాలేంటి’ అని అడిగే రీసెర్చ్ వల్ల మన కాలనీలకి ఏం ఒరుగుతుంది? (బెంగళూరు)

మస్టరింగ్ బిడ్డ: మా అమ్మ పౌరకార్మికురాలు, రోడ్లు ఊడ్చే పని. పొద్దున 6.30కల్లా మస్టరింగ్‌లో, అంటే హాజరు వేసే చోట ఉండాలి, మధ్యాహ్నం దాకా చీపురే. పోయిన ఆదివారం రీసెర్చ్ వాళ్ళొచ్చి ముగ్గుపిండితో కాలనీ మ్యాప్ గీయించి, మీ బలాలు చెప్పండి అన్నారు. మూడు గంటలు కూర్చోబెట్టి టీ బిస్కెట్లిచ్చి పోయినారు. ఇది మాకు మేలా?

ఫీల్డ్‌వర్క్ రాఘవ: పదేళ్ళు ఈ పని చేశా తల్లీ. ముగ్గుపిండి మ్యాప్ ఆట కాదు, 1989 ప్రాంతంలో మన బెంగళూరు మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్‌తో కలిసి పల్లెల్లో చేసిన పీఆర్ఏ పద్ధతి అది, ఊరివాళ్ళే తమ ఊరి సంగతులు గీసి చెప్పుకునే పద్ధతి. అంతకుముందు సర్వే అంటే ఫారం పట్టుకుని ఇది లేదు అది లేదు అని రాసుకుపోవడమే. అమెరికాలో క్రెట్జ్‌మన్, మెక్‌నైట్ అనే పరిశోధకులు 1993లో రాసిందీ అదే, లోట్లే లెక్కపెడితే ఆ పేట బయటివాళ్ళ సాయం కోసం చూస్తూనే ఉంటుంది, ఉన్నదాంతో మొదలెట్టాలని. మీ అమ్మగారి చీటీల గుంపు, రాత్రిపూట ఎవరికన్నా బాగోకపోతే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఇవి ఏ ఫారంలో వస్తాయి చెప్పు?

మస్టరింగ్ బిడ్డ: సరే అన్నా. కూలి ఎందుకియ్యలా?

ఫీల్డ్‌వర్క్ రాఘవ: డబ్బిస్తే చెప్పే మాట మారుతుందని భయం.

కోలారు శీను: మీకు జీతమిస్తే మీ మాట మారలేదా అన్నా?

చిత్తూరు పద్మ: మా పిన్నోళ్ళ పేటలో ఫోటోలు తీస్కపోయి రెండేళ్ళాయ, రిపోర్టు కంటికి కనపళ్ళా.

ఫీల్డ్‌వర్క్ రాఘవ: బిస్కెట్ల దగ్గరే ఆగిపోతే ఎట్లా? చదువుకున్న పిల్లవి కదా!

మస్టరింగ్ బిడ్డ: చదువుకున్నా కాబట్టే అడుగుతున్నా. కష్టమొస్తే ఒకరికొకరం నిలబడతాం అని అమ్మ చెప్తే రాసుకున్నారు. రూట్లో టాయిలెట్ లేదు, డ్యూటీ అయ్యేదాకా నీళ్ళు తాగకుండా ఆపుకుంటాం అని చెప్తే, అది ఇవాళ్టి టాపిక్ కాదమ్మా అన్నారు. బలం రాసుకుని బాధ వదిలేస్తే, వీళ్ళు ఓర్చుకుంటారులే అని పైవాళ్ళకి చెప్పినట్టే కదన్నా.

ఫీల్డ్‌వర్క్ రాఘవ: ఆ మాట అనుంటే తప్పే. కొలంబియాలో ఫాల్స్ బోర్డా అనే సమాజ శాస్త్రవేత్త లాంటివాళ్ళు 1970లలోనే కొట్లాడింది దీనికే, ఏం తెలుసుకోవాలో కూడా జనమే తేల్చాలని. కానీ బలం అడగడమే తప్పంటే ఒప్పుకోను.

మస్టరింగ్ బిడ్డ: నేనూ అనలేదు. ఏం అడగాలో ముందు అమ్మవాళ్ళతో కూర్చొని తేల్చండి అంటున్నా.

కోలారు శీను: ఇంతకీ ఆ మ్యాప్ ఎవరి దగ్గరుంది?

మస్టరింగ్ బిడ్డ: చార్టు మీదకి ఎక్కించుకుని వాళ్ళే తీస్కపోయినారు. మా దగ్గర ఫోటో కూడా లేదు.