సీట్లు పెరిగినంతగా ఇంజనీరింగ్ బోధన పెరిగిందా?

ప్రశ్న – కృష్ణాతీరం

మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేసి కౌన్సెలింగ్‌కు సిద్ధమవుతున్నాడు. రహదారులు, మెట్రో రైళ్లు, విద్యుత్ కేంద్రాలు ఇంతగా విస్తరిస్తున్న కాలంలో చాలా కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లను తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సెక్షన్లను పెంచుకుంటున్నాయి. ఆర్థిక వ్యవస్థ ఎదిగేకొద్దీ ఇంజనీరింగ్ విద్య దానికి తగినట్టు మారుతుందని అనుకునేవాణ్ణి. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు – పాత లెక్చరర్

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో ఇంజనీర్లను తయారుచేసేదీ, వారికి ఉద్యోగమిచ్చేదీ ఎక్కువగా ప్రభుత్వమే. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1959లో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆనకట్టలకు, ఉక్కు కర్మాగారాలకు, విద్యుత్ బోర్డులకు ఎందరు కావాలో ప్రణాళికల్లో అంచనా వేసి సీట్లు పెట్టేవారు. ఆ అంచనాలూ తప్పేవి. 1960ల చివరి మాంద్యంలో ఇంజనీరింగ్ పట్టభద్రులు ఎందరో పని లేక తిరిగారు.

1970ల చివరి నుంచి మన ప్రాంతంలో ప్రైవేటు కాలేజీలు మొదలయ్యాయి. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఎగుమతులు ఊపందుకున్నాక వాటి సంఖ్య వేగంగా పెరిగింది. అప్పటినుంచి ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు ఉండాలన్నది చాలావరకు గత ఏడాది క్యాంపస్ నియామకాలను బట్టి తేలుతోంది. ఈ ఏడాది చేరిన విద్యార్థి బయటికి వచ్చేది నాలుగేళ్ల తర్వాత కనుక, సీట్లు ఎప్పుడూ నిన్నటి గిరాకీ వెంటే పరుగెడుతుంటాయి.

జవాబు – మెకానికల్ బ్యాచ్

లెక్చరర్ గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గానీ, నిందంతా మార్కెట్‌పై మోపడం సరికాదు. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల కూలి పనులకు వెళ్లే ఇళ్ల నుంచి తొలి తరం ఇంజనీర్లు వచ్చారు, ప్రైవేటు కాలేజీలు లేకపోతే వారికి సీటే దొరికేది కాదు. సైటులో ఎండకు నిలబడే కొత్త సివిల్ ఇంజనీరుకు కాంట్రాక్టు సంస్థ ఇచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువగా ఉన్నంతకాలం తల్లిదండ్రులను తప్పుపట్టలేం. యాజమాన్యాల లెక్క మరొకటి: మెకానికల్‌కు వర్క్‌షాపు, లేత్ యంత్రాలు, వాటిని చూసుకునే సిబ్బంది కావాలి, కంప్యూటర్ సెక్షన్‌కు ఒక ల్యాబ్ చాలు.

జవాబు – ఎంటెక్ పరిశీలకుడు

బ్రాంచిల చర్చలో పడి, ఈ సీట్లన్నిటికీ పాఠం చెప్పేవారు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నను మనం వదిలేశాం. దక్షిణ కొరియాను చూడండి. ఆ దేశం భారీ పరిశ్రమల వైపు మళ్లుతున్న 1971లో, ఇప్పుడు ఆ దేశపు ప్రముఖ సాంకేతిక విశ్వవిద్యాలయమైన కైస్ట్‌కు మాతృసంస్థ అయిన విద్యాలయాన్ని ప్రత్యేక చట్టంతో స్థాపించింది. మొదట అక్కడ బీటెక్ స్థాయి చదువే లేదు. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులనే చేర్చుకుని, వారికి అక్కడి తప్పనిసరి సైనిక సేవలో మినహాయింపు కూడా ఇచ్చారు. పరిశ్రమలకు పరిశోధకులను, విశ్వవిద్యాలయాలకు అధ్యాపకులను తయారుచేసే పనికి అంత ప్రాధాన్యం ఇచ్చారన్నమాట.

ఇక్కడ బీటెక్ సీట్లే ముందు పరుగెత్తాయి. మంచి బీటెక్ విద్యార్థి వెంటనే ఉద్యోగంలో చేరుతాడు. ఏ అవకాశమూ దొరకని చాలామంది ఎంటెక్ చేసి, తాము చదివిన కాలేజీలోనే పాఠం చెప్పడం మొదలుపెడతారు. (వారిలో గొప్పగా చెప్పేవారు లేరని నా ఉద్దేశం కాదు.) ఫీజు బకాయిలు ఆలస్యమైతే చాలాచోట్ల మొదట ఆగేదీ వారి జీతమే. 2018లో, సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్న నిబంధనను ఇరవై మందికి ఒకరుగా సడలించింది. అంటే కొరతను తీర్చడం మాని, కొలతను మార్చుకున్నాం.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. అయితే కాలేజీని ఎంచుకునేటప్పుడు బోధన నాణ్యతను మాలాంటివారు ఎలా తెలుసుకోవాలి?

జవాబు – ఎంటెక్ పరిశీలకుడు

విద్యా నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థలు రెండున్నాయి: నాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచికి విడివిడిగా ఉంటుంది. కాబట్టి మీవాడు చేరబోయే బ్రాంచికి అది ఉందో లేదో, గడువు ఎప్పటివరకో చూడండి. 2014లో భారత్, ఇంజనీరింగ్ డిగ్రీలను సభ్యదేశాలు పరస్పరం సమానంగా గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది గానీ, ఆ అంతర్జాతీయ సమానత్వం ఎన్‌బీఏ టైర్-1 (విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి గల కాలేజీల విభాగం) కింద గుర్తించిన కోర్సులకే వర్తిస్తుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల జాబితా తెరిచి, వారు ఏ ఏడాది చేరారో గమనించండి. సగం మందికి పైగా గత రెండేళ్లలో చేరినవారే అయితే, పాతవారు ఎందుకు వెళ్లిపోయారో అక్కడి మూడో సంవత్సరం విద్యార్థులను అడగండి.