పురుగు బీటీకి ‘అలవాటు పడింది’ అనొచ్చా?

పత్తిచేను: పురుగును చంపే రెండు బ్యాక్టీరియా విషాలను (బీటీ) తనే తయారుచేసుకునే బీజీ-2 పత్తిలోనూ గులాబీ రంగు పురుగు కాయ తొలుస్తోంది. ఏళ్ల తరబడి ఆ విషం తిని తిని అలవాటు పడింది, అంతే. దీనికి పరిణామం, ప్రకృతి వరణం అని పెద్ద పేర్లెందుకు? పురుగు ఇంకా పురుగేగా!

సూక్ష్మదర్శిని: తిన్నది చచ్చింది. చచ్చినదానికి అలవాటెక్కడిదండీ? ఆ బీటీ విషాల్లో ఒకటైన క్రై1ఏసీ పురుగు పేగులోని క్యాడ్హెరిన్ ప్రొటీన్‌ను పట్టుకుంటేనే పనిచేస్తుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు మారిపోయిన పురుగుకు విషం అంటదు. కాకపోతే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ మారి ఉండాలి. వెయ్యి ప్రతుల్లో ఒకటి మారిందనుకుంటే, అలాంటి పురుగు 10 లక్షల్లో ఒకటి. పక్కన నాన్‌బీటీ వరసలుంటే అది అక్కడి మామూలు రెక్కల పురుగుతో జతకడుతుంది. పిల్లలకు మారిన ప్రతి ఒక్కటే వస్తుంది, బీటీ తిని చస్తాయి. వరసలు లేవా, బతికినవాటికి బతికినవే జత.

పత్తిచేను: వాడుక మాటకు ఇంత రాద్ధాంతమా?

సూక్ష్మదర్శిని: అలవాటే అనుకుంటే మందు మోతాదు పెంచుతారు. ఏరివేత (ప్రకృతి వరణం) అని తెలిస్తే నాన్‌బీటీ వేస్తారు. తేడా చేలో కనిపిస్తుంది.

నల్లరేగడి: అప్పట్లో 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం ఎంతమంది వేశారు? అమెరికాలోని అరిజోనాలో వేశారు, అక్కడ బీటీ ఏళ్ల తరబడి పనిచేసింది.

పత్తిచేను: వచ్చింది, చివరికి రైతు మీదికే వచ్చింది! అక్కడ కమతం వందల ఎకరాలు. రెండెకరాల కౌలు చేలో ఐదు వరసలు పురుగుకొదిలితే కౌలు తగ్గిస్తారా? మీ గొడవ ‘అలవాటు’ అనే మాట గురించి కాదు, తప్పెవరిదని.

సూక్ష్మదర్శిని: ఒప్పుకుంటాను. తప్పంతా వరసల్లో లేదు. మనకమ్మేవి హైబ్రిడ్లు. మొక్కలో ఒక్కో బీటీ జన్యువు ఒక్క ప్రతే ఉంటుంది. అందుకే ఒకే కాయలో కొన్ని గింజల్లో రెండు విషాలు, కొన్నింటిలో ఒకటి, కొన్నింటిలో ఏదీ ఉండదు. ఈ పురుగు తినేది ఆ గింజల్నే. చావాల్సిన, ఒక్క ప్రతే మారిన పురుగూ విషం లేని గింజ దొరికి గట్టెక్కుతుంది. పైగా శనగపచ్చ పురుగుకు కంది, శనగ ఉన్నాయి, దీనికి దాదాపు పత్తే దిక్కు. నాలుగో తీత కోసం చేను ఫిబ్రవరి దాకా ఉంచితే ఇంకో తరం పెంచినట్టే. 2002లో బీటీ వచ్చింది, 2010కల్లా గుజరాత్‌లో ఈ పురుగు క్రై1ఏసీని తట్టుకుంది.

కొత్తమొగ్గ: అవన్నీ సరే, మందు ఎప్పుడు కొట్టాలి?

నల్లరేగడి: లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేది) వరుసగా మూడు రాత్రులు 8 రెక్కల పురుగుల చొప్పున పడితే. లేదా 20 పచ్చికాయలు కోసి చూస్తే రెండింట్లో పురుగుంటే. గుడ్డి పూలు (పురుగు చేరి విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి) కనిపించినవి కనిపించినట్టు తుంచి కాల్చెయ్యండి.