“కణవిభజనను ఆపి విభేదనాన్ని మొదలుపెడతాయి”: ఇక్కడ ‘ఆపి’ సరైన రూపమేనా?

అనువాదిక:
డిగ్రీ కణజీవశాస్త్రం పాఠంలో ఈ వాక్యం ఉంది: “అనులేఖన కారకాలు కణవిభజనను ఆపి విభేదనాన్ని మొదలుపెడతాయి.” అనులేఖన కారకాలు అంటే జన్యువులను తెరిచే, మూసే ప్రోటీన్లు, విభజన అంటే ఒక కణం రెండవడం, విభేదనం అంటే అది కండర కణంగానో రక్తకణంగానో తన ప్రత్యేక రూపం తెచ్చుకోవడం. ఇంతవరకు పేచీ లేదు. సందేహమంతా ‘ఆపి’ దగ్గరే. ముందు ఆపడం, తర్వాత మొదలుపెట్టడం అనే వరుస కణంలో నిజంగా ఉందా? లేకపోతే ఏ రూపం రాయాలి?

నుడికారం:
వ్యాకరణం వరకు నేను చెబుతాను. ‘ఆపి’ క్త్వార్థకం. “తలుపు తీసి లోపలికి వెళ్ళింది” అన్నప్పుడు మొదటి పని ముగిశాకే రెండోది. ఇదే రూపం కారణాన్నీ చెబుతుంది: “వాన పడి దారి బురదైంది.” అంటే ఆ వాక్యం చదివిన విద్యార్థికి రెండు సంగతులు ఒక్కసారే అందుతాయి: విభజన ముందు ఆగుతుంది, అది ఆగినందువల్లే విభేదనం మొదలవుతుంది. శత్రర్థకం ‘ఆపుతూ’ రాస్తే రెండూ కలిసి నడుస్తాయి. చేదర్థకం ‘ఆపితే’ రాస్తే అది షరతు. వీటిలో ఏది నిజమో కణం సంగతి తెలిసినవారే తేల్చాలి.

కణసూత్రం:
అనువాదిక గారూ, కండర కణంతో మొదలుపెడదాం, దీనిమీద పని చాలా జరిగింది. 1987లో గుర్తించిన మయోడీ అనే కారకాన్ని ఫైబ్రోబ్లాస్టుల్లో (సంధాయక కణజాలపు కణాల్లో) పెడితే అవి కండరం దారి పడతాయి. అయితే మయోడీ విభజన జరుగుతున్న మయోబ్లాస్టుల్లో, అంటే ఇంకా కండరంగా మారని పూర్వకణాల్లో కూడా ఉంటుంది! ఉండి కూడా పని చేయదు, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచేవి ఉన్నాయి. ఐడీ ప్రోటీన్లు మయోడీకి జతగా ఉండాల్సిన ఈ-ప్రోటీన్లను తమవైపు లాక్కుంటాయి. సీడీకేలు కణవిభజనను నడిపించే ఎంజైములు, సైక్లిన్లు వాటికి తోడుండే ప్రోటీన్లు. సైక్లిన్ డి1 తోడుగా ఉన్న సీడీకే4 మయోడీ పనికి అడ్డుపడుతుంది. సీడీకే2 మయోడీకి ఫాస్ఫేటు తగిలించి, త్వరగా నశించేలా చేస్తుంది.

వృద్ధికారకాలు తగ్గగానే ఐడీ, సైక్లిన్ డి1 రెండూ తగ్గుతాయి. మయోడీకి చేయి ఆడుతుంది. అప్పుడది మయోజెనిన్ వంటి కండర జన్యువులను తెరవడమే కాకుండా పి21 అనే ప్రోటీనును కూడా పెంచుతుంది. పి21 సీడీకేలను అణచివేస్తుంది. దాంతో సీడీకేల ఫాస్ఫేటు పడని ఆర్‌బీ ప్రోటీను, నకలు జన్యువులను తెరిచే ఈ2ఎఫ్‌ను పట్టుకుని ఉంచుతుంది. డీఎన్ఏ నకలుకు కావలసిన జన్యువులు ఇక తెరుచుకోవు. అంటే విభజన యంత్రాంగం మయోడీని అణుస్తుంది, మయోడీ విభజన యంత్రాంగాన్ని అణుస్తుంది. ఎవరిది పైచేయి అయితే కణం అటు మొగ్గుతుంది. ఇందులో ‘ముందు’, ‘తర్వాత’ వెతకడం కష్టం.

నుడికారం:
అయితే ‘ఆపుతూ’ రాసేయవచ్చా? లేక రెండింటి మధ్య కొలవగలిగిన వరుస ఏదైనా ఉందా?

కణసూత్రం:
ఉంది, పైగా మీరు ఊహించే వరుసకు ఎదురుగా ఉంది. సీ2సీ12 అనే ఎలుక మయోబ్లాస్టు కణాలను 10 నుంచి 20 శాతం పిండ దూడ సీరంలో పెంచి, గిన్నె 80 - 90 శాతం నిండాక వృద్ధికారకాలు తగ్గేలా 2 శాతం గుర్రం సీరంలోకి మారుస్తారు. నాలుగు నుంచి ఆరు రోజుల్లో కణాలు కలిసిపోయి పొడవాటి మయోట్యూబులు వస్తాయి. మధ్య రోజుల్లో రంగు వేసి చూస్తే మయోజెనిన్ వచ్చేసిన కణాలు కొన్ని ఇంకా డీఎన్ఏ నకలు చేస్తూనే ఉంటాయి. పి21 కూడా వచ్చాక అది నిలిచిపోతుంది. ఆ తర్వాత మయోసిన్ అనే కండర ప్రోటీను, చివరికి కణాల కలయిక. అంటే విభేదనం తొలిమెట్టు ఎక్కాకే విభజన పూర్తిగా ఆగింది. ఇక్కడ ‘ఆపి’ తప్పే.

  

ఇంకొకటి. సీరం తగ్గించడమే విభేదనం అనుకోకూడదు. ఫైబ్రోబ్లాస్టుకూ సీరం తగ్గిస్తే విభజన ఆగుతుంది, కానీ అది విరామం మాత్రమే. సీరం తిరిగి ఇస్తే మళ్ళీ చక్రంలోకి వస్తుంది. మామూలు మయోట్యూబు సీరం ఇచ్చినా అలా తిరిగి రాదు. ఆర్‌బీ లేని కణాల నుంచి వచ్చిన మయోట్యూబుకు సీరం ఇస్తే డీఎన్ఏ నకలు మొదలవుతుంది, విభజన మాత్రం పూర్తి కాదు. పాఠంలో ‘ఆగడం’ అనే ఒక్క మాటతో ఈ రెండు స్థితులనూ కలిపేయకండి. నాకు ‘ఆపి’ కన్నా ఇదే పెద్ద లోపంగా కనిపిస్తోంది.

పత్రరంధ్రం:
మొక్కల మాట కూడా వినండి. ‘ఆపడం’ ఒక్కటే అనులేఖన కారకం పని అన్నట్టు రాస్తే ఆకుకు అన్యాయం జరుగుతుంది. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క పత్రరంధ్రాల్లో మూడు కారకాలు వరుసగా వస్తాయి. స్పీచ్‌లెస్ అసమాన విభజనలు మొదలుపెడుతుంది. మ్యూట్ ఆ విభజనలను ముగించి, రంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణాలకు తల్లి అయిన రక్షక మాతృకణం ఏర్పడేలా చేస్తుంది. అంతటితో ఊరుకోదు. సైక్లిన్ డి5;1ను పెంచి ఆ మాతృకణం సరిగ్గా ఒక్కసారి, సమానంగా చీలేలా చేస్తుంది, ఆ చీలికకు కళ్ళెం వేయబోయే ఫామాను కూడా తనే తెరుస్తుంది. ఫామా లేని మొక్క ఆకుపొరను సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు రక్షక కణాలు ఉండాల్సిన చోట సన్నని కణాలు పక్కపక్కన వరుసగా పేర్చినట్టు ఉంటాయి. విభజన ఆగలేదు, రంధ్రం ఏర్పడలేదు. మ్యూట్ లేకపోతే మరో తీరు: అసమాన విభజనలు అదనంగా సాగి, ఆ కణం చిన్నదై అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి మ్యూట్‌కు ‘విభజింపజేస్తూ’, ఫామాకు ‘ఆపుతూ’. వేరు కొనలోనూ ఇంతే. షార్ట్‌రూట్, స్కేర్‌క్రో అనే కారకాలు కలిసి సైక్లిన్ డి6;1ను తెరిచి, వల్కలం, అంతశ్చర్మం రెండు పొరలుగా విడిపోయే విభజనను నడిపిస్తాయి. ఆ విభజనే లేకపోతే రెండు పొరల చోట ఒకటే మిగులుతుంది.

కణసూత్రం:
పత్రరంధ్రం గారు చెప్పినదానికి జంతుకణాల్లోనూ పోలిక ఉంది. కొవ్వు కణాలుగా మారే 3టీ3-ఎల్1 కణాలు గిన్నె నిండి ఆగిపోయాక ఇన్సులిన్, డెక్సామెథసోన్, ఐబీఎంఎక్స్ ఇస్తే మళ్ళీ రెండు విడతలు విభజన జరుపుతాయి. దీనికి సీ/ఈబీపీ-బీటా అనే అనులేఖన కారకం కావాలి. ఆ తర్వాత వచ్చే సీ/ఈబీపీ-ఆల్ఫా విభజనకు అడ్డుకట్ట వేస్తుంది. ఆ రెండు విడతలు తప్పనిసరా కాదా అనేది ఇంకా వాదనలో ఉంది. పాఠంలో ‘తప్పనిసరి’ అని రాయవద్దు.

రక్తకణాల్లో ఈ సంబంధం ఇంకో వైపు నుంచి వస్తుంది. అక్కడి అనులేఖన కారకం పీయూ.1 త్వరగా నశించే ప్రోటీను కాదు. ప్రతి విభజనలో పిల్ల కణాలకు సగం సగం వెళుతుంది. కణచక్రం నెమ్మదిస్తే తయారీ పెరగకపోయినా నిల్వ పెరుగుతుంది. పెరిగిన పీయూ.1 చక్రాన్ని ఇంకా నెమ్మదింపజేస్తుంది. మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణం) దారి అలా గట్టిపడుతుంది. ఇక్కడ సరిపోయేది ‘నెమ్మదించే కొద్దీ’.

నుడికారం:
‘కొద్దీ’ చక్కగా కుదిరింది. క్రమంగా, ఒకదాన్నిబట్టి ఒకటి పెరగడం అందులోనే ఉంది.

అనువాదిక:
అయితే ఇలా మారుస్తున్నాను: “అనులేఖన కారకాలు విభేదనాన్ని నడిపిస్తూనే కణవిభజనను అదుపు చేస్తాయి. కొన్ని చోట్ల అవసరమైన విభజనను జరిపిస్తాయి, చాలా కణాల్లో చివరికి దాన్ని శాశ్వతంగా నిలిపివేస్తాయి.” కొత్త డీఎన్ఏలో చేరే ఈడీయూ అనే గుర్తుతో తీసిన బొమ్మ కింద “ఈడీయూ రంగు రాని కణాలు: విభజన మానినవి” అని ఉంది. అది ఉంచవచ్చా?

కణసూత్రం:
వాక్యం బాగుంది. బొమ్మ కింద మాట మాత్రం మార్చండి. గంటసేపు ఇచ్చిన ఈడీయూ ఆ గంటలో డీఎన్ఏ నకలు చేసిన కణాలనే పట్టుకుంటుంది. నకలుకు ముందుండే జీ1 దశలోనో తర్వాత వచ్చే జీ2 దశలోనో ఉండి, రేపు చీలబోయే కణానికీ రంగు రాదు. “ఆ గంటలో డీఎన్ఏ నకలు చేయనివి” అని రాయండి. ‘మానినవి’ అనాలంటే విభజన చక్రంలో ఉన్న కణాల్లో కనిపించే కీ-67 ప్రోటీను కూడా లేదని చూపాలి, సీరం తిరిగి ఇచ్చినా ఈడీయూ ఎక్కలేదని చూపాలి.